బాస్ చవకే, మరి ధర దేనికి?

ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లి మంచి హెడ్‌ఫోన్ చూపించమని అడగండి. కౌంటర్ వెనకున్న కుర్రాడు ముందు ధర చెప్పడు. తన ఫోనులో ఒక పాట పెట్టి, హెడ్‌ఫోన్ మీ తలకి తగిలించి, వాల్యూమ్ ఓ రెండు గీతలు పెంచి మీ మొహంలోకి చూస్తాడు. ఆ పాట త్యాగరాజ కీర్తన మాత్రం అయ్యుండదు, డ్రమ్ములు దంచే పాటే అయ్యుంటుంది. పది సెకన్లలో చెవుల దగ్గర గుభేలుమంటుంది. మీ కనుబొమలు పైకి లేస్తాయి. "బాస్ చూశారా సార్!" అంటాడు. సగం బేరం అక్కడే కుదిరిపోతుంది. ఆ తర్వాత ఇరవై అయిదు వేలన్నా, ముప్పై వేలన్నా, ఆ గుభేలుకి ఆ మాత్రం పెట్టాలి కాబోలు అనుకుంటాం.

పెట్టక్కర్లేదు. హెడ్‌ఫోన్ తయారీలో చాలా చవకగా తెచ్చుకోగలిగినది ఏదైనా ఉంటే అది బాసే. దాన్ని అదుపులో ఉంచడం కొంచెం కష్టం, అంతే. ఖరీదైన జతలో మన డబ్బు వెళ్లేది చాలామటుకు వేరే వాటికి. వాటిలో కొన్నిటికి డబ్బు పెట్టడం సబబే, కొన్నిటికి కాదు. ఏది ఏదో తెలియాలంటే కాస్త భౌతికశాస్త్రం, కాస్త చెవి సంగతి, కాస్త మనసు సంగతి తెలియాలి.

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. అందులో అడుగున ఉన్న 20 నుంచి 250 వరకు స్థూలంగా బాస్ అంటారు. నాలుగు తీగల బాస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. డ్రమ్ సెట్‌లో కాలితో తొక్కి కొట్టే కిక్ డ్రమ్ బలం ఎక్కువగా 50కీ 100కీ మధ్య ఉంటుంది. మగవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు పలికే మూలస్వరం 85 నుంచి 180 లోపు. అంటే మగ గొంతు పునాది కూడా బాస్ ఇలాకాలోనే ఉంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

గదిలో పెట్టే స్పీకర్‌కి ఈ లోతు స్వరాలు పుట్టించడం నిజంగానే కష్టం. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు గాలిలో దాదాపు 7 మీటర్లు. అంత పెద్ద తరంగాన్ని ఓ చిన్న కోను ఊపి పుట్టించబోతే గాలి పక్కలకి జారుకుంటుంది తప్ప ఒత్తిడి పెరగదు. శబ్దం అంతే బిగ్గరగా ఉండాలంటే, పౌనఃపున్యం సగానికి దిగిన ప్రతిసారీ కోను నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. 100 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు ఊగితే సరిపోయేది, 50 దగ్గర 4, 25 దగ్గర 16 మిల్లీమీటర్లు ఊగాల్సి వస్తుంది. వినాయక నిమజ్జనం ఊరేగింపులో డీజే బండి మీద అంతేసి స్పీకర్ పెట్టెలు వరసగా పేర్చి, వాటికోసం జనరేటర్ ఎందుకు పెడతారో ఈ లెక్క చెబుతుంది. హోం థియేటర్‌కి సబ్ వూఫర్ విడిగా కొనాల్సి రావడమూ ఇందుకే. స్పీకర్ల లోకంలో లోతైన బాస్‌కి డబ్బు, చోటు, కరెంటు అన్నీ కావాలి. ఆ లెక్కనే మనం హెడ్‌ఫోన్లకీ అంటగట్టేస్తున్నాం.

హెడ్‌ఫోన్ సంగతి వేరు. చెవి చుట్టూ మెత్త ఆనుకోగానే కప్పుకీ తలకీ మధ్య ఓ చిన్న గది మూతపడుతుంది. సైకిల్ పంపు మూతిని బొటనవేలితో మూసి పిడి నొక్కి చూడండి. గాలి పోవడానికి దారి లేదు కాబట్టి పిడి ఎంత లోపలికి వెళ్తే ఒత్తిడి అంత పెరుగుతుంది. హెడ్‌ఫోన్ లోపలి పల్చటి పొర చేసేదీ ఇదే పని. 100 హెర్ట్జ్ దగ్గర ఎంత ఊగితే ఎంత ఒత్తిడి వస్తుందో, 25 దగ్గర కూడా అంతే ఊగితే ఇంచుమించు అంతే ఒత్తిడి వస్తుంది. నాలుగు రెట్లు, పదహారు రెట్లు అన్న బాధ ఇక్కడ లేదు. అందుకే 40 మిల్లీమీటర్ల వెడల్పున్న పొర, వాట్‌లో వెయ్యో వంతు కరెంటుతో, ఊరేగింపు బండి మీది పెట్టెలకి కూడా కష్టమైన లోతుని చెవిలో వినిపించగలుగుతుంది. మిల్లీవాట్‌కి 100 డెసిబెల్స్ దగ్గరగా పలికే హెడ్‌ఫోన్లు మామూలు ధరల్లోనే బోలెడు ఉన్నాయి.

ఒక్కటే షరతు: ఆ గది మూసుకుని ఉండాలి.

బాస్ భవితవ్యమంతా ఈ షరతులో ఉంది. కళ్లజోడు కాడ మెత్త కింద దూరితే సన్నటి సందు ఏర్పడుతుంది. దట్టమైన జుట్టు అడ్డొచ్చినా, పెద్ద దుద్దులు తగిలినా, దవడ దగ్గర మెత్త సరిగ్గా ఆనకపోయినా అంతే. ఆ సందులోంచి పై స్వరాలు పెద్దగా పోవు, బాస్ మాత్రం కారిపోతుంది. 10 డెసిబెల్స్ పడిపోవడం ఏమంత వింత కాదు. పైగా బాస్ విషయంలో చెవికి ఓ ప్రత్యేకత ఉంది. మధ్య స్వరాల్లో 10 డెసిబెల్స్ తగ్గితే శబ్దం దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది. లోతు స్వరాల్లో అదే తగ్గుదల అంతకంటే పెద్ద నష్టంగా వినిపిస్తుంది. అంటే అక్షరాలా అదే మోడల్, అదే పాట, ఇద్దరు మనుషుల తలల మీద రెండు రకాలుగా పలుకుతుంది. "నా ఫ్రెండ్ దగ్గర విన్నప్పుడు అదిరిపోయింది, నేను కొన్నదాంట్లో బాసే లేదు" అనేవాళ్లకి చాలాసార్లు డూప్లికేట్ సరుకు దొరికి ఉండదు, కళ్లజోడు ఉంటుంది.

చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లకీ ఇదే సూత్రం. డబ్బాలో మూడు సైజుల రబ్బరు టిప్పులు ఇస్తారు. మనలో చాలామంది కంపెనీ బిగించి పంపిన జతనే జీవితాంతం వాడి, మిగతా రెండూ డబ్బాతో సహా అటక మీద పెట్టేస్తాం. సైజు మార్చి చూడండి. చెవి కాలువ బిగుతుగా మూసుకుంటే ఎనిమిది వందల రూపాయల ఇయర్‌ఫోన్‌లోంచి కూడా బాస్ తన్నుకొస్తుంది. మన దేశంలో కొన్ని వందల రూపాయల తీగ ఇయర్‌ఫోన్లకి కూడా పేరులోనే బాస్ తగిలించి అమ్మగలిగారంటే కారణం ఇదే. ఆ ధరలో ఇవ్వగలిగిన గొప్ప అదే మరి.

దీనికి తిరగేసిన సాక్ష్యం కూడా ఉంది. రికార్డింగ్ పనివాళ్లూ, సంగీత పిచ్చి ముదిరినవాళ్లూ కొనే చాలా ఖరీదైన హెడ్‌ఫోన్లలో ఎన్నో వెనకవైపు తెరిచి ఉంటాయి. జర్మనీకి చెందిన సెన్‌హైజర్ 1968లో తెచ్చిన హెచ్‌డీ 414తో ఈ తెరిచిన రకం జనంలోకి వచ్చింది. అదే కంపెనీ 2009లో హెచ్‌డీ 800ని సుమారు 1,400 డాలర్లకి విడుదల చేసింది. వాద్యాలు ఎక్కడెక్కడ కూర్చున్నాయో వేలు పెట్టి చూపించగలిగినంత స్పష్టత దానిది. బాస్ ప్రియులు దాన్ని పెట్టుకుని పెదవి విరిచారు. బాస్ పరిమాణమే ధరకి కొలమానమైతే ఆ జత అంత ధర పలకకూడదు.

ఇక చెవి సంగతి. అమెరికాలో బెల్ ల్యాబ్స్ శాస్త్రజ్ఞులు హార్వే ఫ్లెచర్, విల్డెన్ మన్‌సన్ 1933లో ఒక సంగతిని గీతలు గీసి చూపించారు. మన చెవి అన్ని స్వరాలనీ ఒకేలా వినదు. మధ్య స్వరాలంటే దానికి మక్కువ, లోతు స్వరాలంటే చెవుడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే ప్రామాణిక లెక్కల ప్రకారం, 1,000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్స్‌లో ఎంత బిగ్గరగా అనిపిస్తుందో, 50 హెర్ట్జ్ స్వరం అంతే బిగ్గరగా అనిపించడానికి 78 డెసిబెల్స్ దాకా కావాలి. 20 హెర్ట్జ్ అయితే దగ్గర దగ్గర 100. ఈ చెవుడు తక్కువ వాల్యూమ్‌లో ఎక్కువ, వాల్యూమ్ పెరిగేకొద్దీ తక్కువ. పాతకాలపు యాంప్లిఫయర్ల మీద 'లౌడ్‌నెస్' అని ఓ మీట ఉండేది, గుర్తుందా? చిన్నగా వినేటప్పుడు బాస్ ఎండిపోకుండా దాన్ని ఎత్తి చూపించడానికే ఆ మీట.

షాపు కుర్రాడు పాట మొదలెట్టగానే వాల్యూమ్ రెండు గీతలు పెంచాడే, ఆ చేతివాటంలో ఉన్న శాస్త్రం ఇది. వాల్యూమ్ పెరిగితే బాస్ దానంతటదే అంతకంటే ఎక్కువ పెరిగినట్టు వినిపిస్తుంది. రెండు హెడ్‌ఫోన్లు పక్కపక్కన వింటే, కొంచెం బిగ్గరగా పలికేదే మంచిదని చెవి తీర్పు చెబుతుంది. ఆ తేడా మనం గుర్తుపట్టలేనంత చిన్నదైనా సరే. కాబట్టి వాల్యూమ్ సమానం చేయకుండా చేసిన పోలికకి విలువ లేదు. ఈ ఒక్క నియమం పాటిస్తే షాపులో వినిపించే అద్భుతాల్లో సగం మామూలైపోతాయి.

మెదడు చేసే మాయ ఇంకోటి ఉంది. ఫోనుకి ఉండే బుల్లి స్పీకర్ 41 హెర్ట్జ్ స్వరాన్ని పలకనే పలకలేదు. అయినా అందులో పాట పెడితే బాస్ గిటార్ ఏ స్వరం వాయిస్తోందో మనకి తెలుస్తుంది. ఒక స్వరం మోగినప్పుడు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాలు కూడా తోడు మోగుతాయి. స్పీకర్ ఆ తోడుని మాత్రమే వినిపిస్తే, మెదడు లెక్కవేసుకుని, లేని మూలస్వరాన్ని తానే పూరించుకుంటుంది. చిన్న స్పీకర్లలో పెద్ద బాస్ ఉన్నట్టు భ్రమ కల్పించే సాఫ్ట్‌వేర్లు ఈ కిటుకు మీదే నడుస్తాయి. మంచి హెడ్‌ఫోన్‌లో ఆ మూలస్వరం కూడా నిజంగా ఉంటుంది. ఉందా లేదా అన్న తేడా చెవికి తెలుస్తుంది. కానీ ఇందాక చెప్పుకున్నట్టు దానికి కావలసింది బిగుతైన మెత్త.

అయితే బాస్ అంతా ఒకటేనా అంటే, కాదు. చవకరకానికీ, ఖరీదైన రకానికీ నిజమైన తేడా కనిపించేది ఇక్కడే. అది కూడా ఎప్పుడూ కాదు, కొన్నిసార్లు. 60 హెర్ట్జ్ కింద ఉన్న లోతు బాస్‌ని ఎత్తితే పాటకి బరువు వస్తుంది, గాయకుడికి ఇబ్బంది ఉండదు. 100 నుంచి 250 దాకా ఉన్న పై బాస్‌ని ఎత్తితే గుభేలు ఇంకా తేలిగ్గా వస్తుంది, షాపులో ఇంకా బాగా అమ్ముడవుతుంది, గొంతు మాత్రం బురదలో కూరుకుపోతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇదే: మగ గొంతు పునాది అక్కడే ఉంది. పైగా లోతు స్వరాలు తమ పైనున్న స్వరాలని కప్పేస్తాయి, పై స్వరాలు కిందివాటిని అంతగా కప్పలేవు. చెవి నిర్మాణంలోనే ఉన్న ఈ పక్షపాతాన్ని 1924లోనే వెగెల్, లేన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొలిచి చూపించారు. కాబట్టి బాస్ అతిగా ఉన్న హెడ్‌ఫోన్‌లో అదనంగా వచ్చిన దానికంటే మూతపడి పోయినదే ఎక్కువ కావచ్చు. వయొలిన్ కమాను రాపిడి, గాయని ఊపిరి తీసుకునే చప్పుడు, మాటల్లో హల్లుల అంచులు వెనక్కి తగ్గినట్టు అనిపించవచ్చు.

దీన్ని పరీక్షించడానికి మన దగ్గర మృదంగం ఉంది. కుడి మూత మధ్య నల్లటి ముద్ద, ఎడమ తొప్పి మీద కచేరీకి ముందు తడిపి అద్దే రవ్వ ముద్ద, ఈ రెండిటి వల్లే ఆ వాద్యానికి ఆ పలుకు వస్తుంది. మామూలు డ్రమ్ము చర్మం మోగితే పుట్టే స్వరాలకి ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. ముద్ద పెట్టిన చర్మం తీగ వాద్యంలా పొందికైన స్వరాలు పలుకుతుందని తేల్చింది సి.వి. రామన్. విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన ఆయన, వెలుతురు మీద పరిశోధనలతో నోబెల్ తెచ్చుకోవడానికి పదేళ్ల ముందే, 1920లో, 'నేచర్' పత్రికలో ఈ సంగతి రాశారు. ఇంతకీ పరీక్ష ఏమిటంటే, ఏదైనా కచేరీ రికార్డింగ్‌లో తని ఆవర్తనం, అంటే మృదంగం విడిగా వాయించే భాగం, పెట్టుకోండి. తొప్పి మీద చేతి మడమ జరిపి నొక్కుతూ వాయించే గుంకీలో స్వరం కిందినుంచి పైకి జారుతుంది. మంచి హెడ్‌ఫోన్‌లో ఆ జారుడు మొదటినుంచి చివరిదాకా వినిపిస్తుంది, అదే సమయంలో కుడిచేతి వేళ్ల దెబ్బలు దేనికది విడివిడిగా ఉంటాయి. బాస్ ఉబ్బిన హెడ్‌ఫోన్‌లో ప్రతి గుంకీ ఒకే 'డుం' అయిపోతుంది, దాని వెనక కుడిచెయ్యి నలిగిపోతుంది. ఈ పరీక్షలో ఓడిపోయిన ఖరీదైన జతలూ ఉన్నాయి, నెగ్గిన చవక జతలూ ఉన్నాయి.

సరే, మనుషులకి నిజంగా ఎంత బాస్ కావాలి? హార్మన్ అనే ఆడియో సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ బృందం 2012 ప్రాంతం నుంచి ఏళ్ల తరబడి దీని మీద పనిచేసింది. వాళ్లకొచ్చిన చిక్కు చూడండి. హెడ్‌ఫోన్ తలకి పెట్టుకోగానే బరువు తెలుస్తుంది, మెత్త స్పర్శ తెలుస్తుంది, కళ్లు మూసుకున్నా ఏది ఖరీదైనదో ఊహించేయొచ్చు. అందుకని రకరకాల హెడ్‌ఫోన్ల పలుకుని కంప్యూటర్‌లో అనుకరించి, అన్నిటినీ ఒకే జతలోంచి వినిపించారు. బ్రాండు లేదు, ధర లేదు, బరువు లేదు, మిగిలింది ధ్వని ఒక్కటే. మంచి గదిలో మంచి స్పీకర్లు ఎలా వినిపిస్తాయో ఆ పలుకుకి దగ్గరగా ఉన్నదే ఎక్కువమందికి నచ్చింది. అందులో బాస్ కొన్ని డెసిబెల్స్ ఎత్తుగానే ఉంటుంది. కాబట్టి బాస్ ఇష్టపడటం మోటుతనమేమీ కాదు, సంగీతం తెలిసినవాళ్లమని చెప్పుకునేవాళ్లు మూతి విరవక్కర్లేదు. 2019లో వాళ్లు చేసిన విభజన ప్రకారం 64 శాతం మందికి ఆ పలుకే సరిపోయింది. 15 శాతం మంది ఇంకా ఎక్కువ బాస్ అడిగారు. 21 శాతం మంది తక్కువ చాలన్నారు. ఈ చివరి గుంపులో ఆడవాళ్లూ, యాభై దాటినవాళ్లూ ఎక్కువగా ఉన్నారు. ఇంట్లో కొడుకు తెచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుని "ఏమిట్రా ఈ దడదడ" అనే తల్లి చెవిలో లోపం లేదన్నమాట.

ధర సంగతి నేరుగా తేల్చిన అధ్యయనం ఒకటుంది. యెరూన్ బ్రేబార్ట్ అనే శాస్త్రజ్ఞుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకుని, వాటి పలుకుకీ చిల్లర ధరకీ సంబంధం ఏమైనా ఉందా అని చూశారు. చెవి చుట్టూ ఉండేవి, చెవి మీద ఆనేవి, చెవిలో దూరేవి మూడు రకాలూ అందులో ఉన్నాయి. అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో 2017లో వచ్చిన ఆ పరిశోధన ఫలితం దాని శీర్షికలోనే ఉంది: సంబంధం లేదు. ఏ స్వరాన్ని ఎంత ఎత్తుగా పలుకుతుందన్న లెక్కే హెడ్‌ఫోన్ నాణ్యత మొత్తం కాదు, నిజమే. కానీ గుడ్డి పరీక్షల్లో జనం తీర్పుని అన్నిటికంటే ఎక్కువగా నడిపించేది ఆ లెక్కే. ధరలో దానికి వాటా కనిపించలేదంటే ఆలోచించాల్సిందే.

మరి ముప్పై వేలది పెట్టుకుంటే నిజంగానే బాగున్నట్టు అనిపిస్తుందే? అనిపిస్తుంది. అబద్ధం కాదు. 2008లో కాలిఫోర్నియాలో హిల్కే ప్లాస్‌మన్, ఆంటోనియో రాంగెల్ బృందం ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పి తాగించింది. ఖరీదు ఎక్కువని చెప్పినప్పుడు రుచి బాగుందని జనం చెప్పడమే కాదు, మెదడులో ఆనందాన్ని లెక్కగట్టే భాగం కూడా ఎక్కువ చురుగ్గా కనిపించింది. ధర ఆనందాన్ని నిజంగానే పెంచుతుంది. ఆ ఆనందం హెడ్‌ఫోన్ లోపల లేదు, బిల్లులో ఉంది. దానికి డబ్బు పెట్టడం తప్పని నేను అనను. పెళ్లికి పట్టుచీర కొనేటప్పుడు నూలు లెక్క చూసేవాళ్లెవరు? కానీ అది బాస్ కోసం పెట్టిన ఖర్చు అనుకుంటే మాత్రం మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

ఈ ఆనందాన్ని అమ్మడం అన్నిటికంటే బాగా తెలిసింది బీట్స్ అనే హెడ్‌ఫోన్ కంపెనీకి. ర్యాప్ సంగీతకారుడు డాక్టర్ డ్రే, రికార్డు కంపెనీల పెద్దమనిషి జిమ్మీ ఐవీన్ కలిసి 2006లో మొదలెట్టి, 2008లో మొదటి హెడ్‌ఫోన్ తెచ్చారు. అప్పటిదాకా హెడ్‌ఫోన్ అంటే సంగీతం వినే పరికరం. వీళ్లు దాన్ని మెడలో వేసుకు తిరిగే నగని చేశారు. ఆటగాళ్లూ, గాయకులూ మెడలో వేసుకుని టీవీలో కనిపించారు. తొలి మోడళ్లలో బాస్ అతిగా ఉబ్బి ఉందని సమీక్షకులు తిట్టారు, కుర్రకారు కొన్నారు. 2014లో యాపిల్ ఆ కంపెనీని 300 కోట్ల డాలర్లకి కొనేసింది. ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో బాస్ చాలావరకు దారికి రావడం మరో విశేషం.

ఇక డబ్బు పెట్టదగిన సంగతులు. నన్నడిగితే మొదటిది బయటి రొదని చెరిపేసే ఏర్పాటు, నాయిస్ క్యాన్సిలేషన్. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య యోధుడి కొడుకు, ఇంజినీరు అమర్ బోస్‌కి 1978లో జ్యూరిక్ నుంచి వస్తున్న విమానంలో ఈ ఆలోచన తట్టింది. విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్‌లో ఇంజిన్ హోరు తప్ప సంగీతం వినపడకపోవడమే కారణం. బయటి శబ్దాన్ని మైకుతో పట్టి, దానికి సరిగ్గా ఎదురు శబ్దాన్ని పుట్టించి కలిపితే రెండూ రద్దయిపోతాయి. ఈ పద్ధతి పొడవాటి తరంగాల మీద, అంటే లోతు శబ్దాల మీద, బాగా పనిచేస్తుంది. 1,000 హెర్ట్జ్ దాటాక తరంగం 34 సెంటీమీటర్ల కంటే పొట్టిదైపోయి లెక్క తప్పుతుంది, అక్కడినుంచి అడ్డుకునే పని మెత్తదే.

బాస్ ప్రియులకి దీంతో ఉన్న చుట్టరికం ఏమిటంటే, బస్సు, రైలు, విమానం, ఏసీ, వీటి రొద అంతా లోతు శబ్దమే. అది ముందుగా కప్పేసేది మన పాటలో బాస్‌నే. బస్సులో వినేవాళ్లకి ఎంత బాస్ ఉన్నా చాలనట్టు అనిపించడం అందుకే. రొద పోతే మామూలు బాసే నిండుగా వినిపిస్తుంది, వాల్యూమ్ పెంచక్కర్లేదు. కప్పు లోపల కూడా మైకు ఉన్న రకాల్లో ఇంకో మేలుంది. కళ్లజోడు సందులోంచి బాస్ కారిపోతుంటే ఆ మైకు పసిగట్టి, తగ్గినంత తిరిగి కలుపుతుంది. ఈ రెండు పనులూ బాగా చేసే చిప్పు, మైకులు, వాటి వెనకున్న ఇంజినీర్ల శ్రమ నిజంగానే ఖర్చుతో కూడినవి. చవక హెడ్‌ఫోన్ల డబ్బా మీద కూడా నాయిస్ క్యాన్సిలేషన్ అనే రాసి ఉంటుంది గానీ, పెట్టుకుని బస్సెక్కితే తేడా తెలిసిపోతుంది.

రెండోది చెవులకి నొప్పి లేకపోవడం. గంట తర్వాత చెవులు కందిపోయే హెడ్‌ఫోన్ ఎంత బాగా పాడినా అటకెక్కుతుంది. మూడోది మెత్తలు. మన ఎండకీ, చెమటకీ తోలులాంటి ఆ పూత ఒకటి రెండేళ్లలో పెచ్చులూడుతుంది. అది పాడైతే సందులు పడతాయి, సందులు పడితే బాస్ పోతుంది. అప్పుడు హెడ్‌ఫోన్ ముసలిదైపోయిందని కొత్తది కొంటాం, పోయింది మెత్త మాత్రమే. విడి మెత్తలు దొరకని మోడల్‌ని ఎంత పొగిడినా కొనకండి. పాటని కుదించి పంపే బ్లూటూత్ కోడెక్‌ల పేర్ల జాబితాకి మాత్రం అదనంగా ఇవ్వనవసరం లేదు, బాస్‌కి వాటివల్ల ఒరిగేది ఏమీ లేదు. వంద గంటలు వాడితే హెడ్‌ఫోన్ 'తెరుచుకుంటుంది' అనే మాట కూడా పట్టించుకోవద్దు. అలవాటు పడేది ఎక్కువగా మన చెవే. సామాను వాపసు ఇచ్చే గడువు దాటించడానికి మాత్రం ఆ సలహా బాగా పనికొస్తుంది.

ఇంకా బాస్ కావాలనిపిస్తే ఫోనులో ఈక్వలైజర్ ఉంటుంది, పైసా ఖర్చు లేదు. అందులో 60 హెర్ట్జ్ దగ్గర మీటని ఎత్తి, 200 దగ్గరిది కొంచెం దించి చూడండి. అయితే ఓ హద్దు ఉంది. 6 డెసిబెల్స్ ఎత్తితే ఆ స్వరాలకి నాలుగు రెట్ల శక్తి కావాలి, 10 ఎత్తితే పది రెట్లు. చవక పొర ఆ భారానికి గరగరలాడొచ్చు, ధ్వని చిట్లిపోవచ్చు. ఖరీదైనదానికి ఇక్కడ కొంచెం ఎక్కువ ఓపిక ఉంటుంది. బాస్‌ని ఎత్తే బదులు మిగతావన్నీ దించి, తర్వాత వాల్యూమ్‌తో సరిచేసుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు.

వాల్యూమ్ దగ్గర ఒక్క హెచ్చరిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 92 దగ్గర రెండున్నర గంటలు, 101 దగ్గర వారం మొత్తానికి 19 నిమిషాలు. చెవికి జరిగే హానిని కొలిచే ఈ లెక్కలో లోతు స్వరాలకి బరువు తక్కువ వేస్తారు, కాబట్టి బాస్ ఒక్కటే పెద్ద నేరస్తుడు కాదు. కానీ బాస్ గొంతుని కప్పేసినప్పుడు మాటలు వినబడటం కోసం వాల్యూమ్ పెంచుతాం, దానితోపాటు అన్నీ పెరుగుతాయి. ఉబ్బిన బాస్ మీద నాకున్న అసలు ఫిర్యాదు రుచికి సంబంధించింది కాదు, ఇది.

కొనేటప్పుడు మీ ఫోనే వాడండి, మీకు కంఠస్థమైన పాటలే పెట్టండి. అందులో ఒకటి గొంతు ఎక్కువ, వాద్యాలు తక్కువ ఉన్నదై ఉండాలి. రెండు జతల వాల్యూమ్ చెవికి సమానం అనిపించేదాకా సర్ది, అప్పుడు పోల్చండి. వింటూ కప్పులని రెండు చేతులతో మెల్లగా తలకి అదమండి. బాస్ ఒక్కసారిగా పెరిగితే ఆ మోడల్ మీ తలకి అతకలేదని అర్థం, దాని ధర ఎంతైనా సరే. తర్వాత ఫోనులో 20 నుంచి 200 దాకా నెమ్మదిగా ఎక్కే స్వరం ఒకటి వెతికి, చిన్న వాల్యూమ్‌లో వినండి. గరగర వినిపించినా, శబ్దం ఒక చెవి వైపు వాలినా పక్కన పెట్టేయండి. మొదటి పది సెకన్ల తీర్పు నమ్మొద్దు. వీలైతే వాపసు గడువు ఉన్నచోట కొని, ఇంట్లో రెండు మూడు సాయంత్రాలు వినండి. షాపులో అదరగొట్టిన గుభేలు మూడో రోజుకి తలనొప్పి కావచ్చు.

నా తీర్పు అడిగితే ఇది. రోజూ బస్సులోనో మెట్రోలోనో గంటలు గడిపేవాళ్లు, తరచూ విమానం ఎక్కేవాళ్లు, గోలగా ఉండే ఆఫీసులో పనిచేసేవాళ్లు, రొదని బాగా చెరిపే హెడ్‌ఫోన్‌కి ఇరవై వేలు పెట్టినా దండగ కాదు. ఇంట్లో ప్రశాంతంగా పాటలు వినేవాళ్లకి, బాస్ కోసమే అయితే, తలకి బిగుతుగా అతికే మూడు నాలుగు వేల జత, ఒక ఈక్వలైజర్ చాలు. మిగిలిన డబ్బుతో రెండేళ్ల తర్వాత కొత్త మెత్తలు కొనుక్కోండి.